మా బండికి బావ వైద్యం

మా బండి ఒకప్పుడు బడిపిల్లల్ని మోసిన మినీబస్సు. సీట్లు పీకేసి రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టుకున్నాం. జాతర ఎక్కడుంటే అక్కడికి పోయి గాజులు అమ్ముకునే నాకూ అమ్మకూ అదే దుకాణం, అదే ఇల్లు. బచ్చన్నపేటలో గోడలున్న ఇల్లు కూడా ఉంది గానీ, దానికి ఇంజను లేదు కాబట్టి బావ దాన్ని లెక్కచేయడు.

బావ అంటే మా అక్క మొగుడు. భూపాలపల్లి బొగ్గుగనిలో ఫిట్టరు. అక్క జబ్బు చేసి పోయింది, పిల్లలు లేరు. ఇక ఆయన మా గడప తొక్కడానికి మిగిలిన సాకు ఈ బండి ఒక్కటే. బండి బాగుపడితే అల్లుడు రావడం మానేస్తాడని అమ్మ భయం. ఉత్త భయం. బావ చేయి పడ్డాక బండి బాగుపడే ప్రమాదం ఎన్నడూ రాలేదు.

గని పైకప్పు ఆపేటంత లావు బోల్టులు కొనుక్కొచ్చి మా మంచాలకు బిగించాడు. బండి బోల్తా పడినా మంచాలు కదలవట. వాటి మీద పడుకున్న మేం ఎటు పోతామో చెప్పలేదు. ఆయన వైర్లు కలిపాక లైటు స్విచ్చి నొక్కితే ఫ్యాను తిరిగేది. ఫ్యాను స్విచ్చి నొక్కితే హారన్ మోగేది.

"కరెంటైతే వస్తున్నది గద బామ్మర్దీ. అది ఎటు పోతే నీకేంది?" అన్నాడు.

ఇంతటి పాండిత్యానికి అమ్మ ప్రతిసారీ నాటుకోడి కోసేది. జనగామలో మెకానిక్కు చూపిద్దామని నేనంటే, "మెల్లగ మాట్లాడు, అల్లుడు వింటడు" అని నా నోరు మూసేది.

మొన్నటి మేడారం జాతరకు ఆ బండిలోనే బయల్దేరాం. బావే నడిపాడు. ములుగు దాటాక ముందు నుంచి ఆవిరి లేచింది. రేడియేటర్ కారుతోంది. బయల్దేరే ముందే బావ దానికి పక్కా రిపేరు చేశాడు మరి. ఇంజను చల్లారేదాకా ముగ్గురం రోడ్డు పక్కన కూచున్నాం. అప్పుడు ఆయన అడిగాడు.

"అత్తమ్మా, పసుపున్నదా?"

ఉంది. వనదేవతలకు సమర్పించడానికి కొత్త గుడ్డలో మూట కట్టిన పసుపు. నన్ను ముట్టనివ్వని ఆ మూటను అమ్మ విప్పి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని నీళ్లలో కలిపి రేడియేటర్లో పోశాడు. దేవతల కన్నా ముందు రేడియేటర్‌కు మొక్కు చెల్లింది.

"తల్లులకేం పెడ్తవే ఇగ?" అన్నాను.

"ఆడ కొంట. నువ్వు ఊకో."

చిత్రంగా, కారడం ఆగిపోయింది. బావ చేసిన పని ఫలించడం నేను చూడటం అదే మొదటిసారి. ఈ ఘనకార్యానికి ఊరంతా చాటింపు వేస్తాడనుకున్నాను. ఆయన మాత్రం చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు, అమ్మ వైపు చూడకుండా.

"అత్తమ్మా, మా ఇంట్ల సంబంధం చూసిండ్రు. నర్సింహులపేట పిల్ల. జాతరైనంక మాట ఇయ్యాల్నంటున్నరు. ఇగ నేను మీ ఇంటికి వచ్చుడు బాగుండదేమో."

నాకు కోపమొచ్చింది. చేసుకోవద్దని ఎట్లా అంటాను? అయినా వచ్చింది. అక్క మళ్లీ ఒకసారి పోయినట్టు అనిపించింది. అమ్మ పసుపు మూట కట్టిన గుడ్డను మడిచి కొంగున ముడి వేసుకుంది.

"చేసుకో బిడ్డా," అంది. "పెండ్లైనంక ఆ పిల్లను మా ఇంటికి తోల్కరా. దానికి ఒడిబియ్యం నేనే పోస్త."

మా వైపు ఒడిబియ్యం పోసేది పుట్టింటివాళ్లు, తమ ఆడబిడ్డకు. అక్క పోయాక అమ్మ ఎవరికీ పోయలేదు.

బావ పానా తీసుకుని బండి కిందికి దూరాడు. అక్కడ చేయడానికి ఏ పనీ లేదని నాకు తెలుసు. అయినా ఆయన్ని పిలవలేదు.