నిడదవోలు దారి తీసెయ్యకుండా

పత్రిక డెస్కు నుంచి రిటైరయ్యాక రాజమండ్రిలో ఒక చిన్న కేబుల్ చానల్లో వార్తలు దిద్దే పనికి కుదిరాను. మధ్యాహ్నం మూడింటికి మా చానల్లో సముద్రం బులెటిన్ వస్తుంది. గాలి ఎటు, అల ఎంత, చేపల వేటకి వెళ్లొచ్చా లేదా. ఐదే నిమిషాలు. రాజమండ్రిలో దాన్ని చూసేవాళ్లు తక్కువ. చూడాల్సినవాళ్లందరూ నరసాపురం దాటాక, తీరంలో ఉన్నారు.

వాళ్లకి దాన్ని చేర్చేది నరసాపురంలోని ఒక కేబుల్ ఆపరేటరు. ఆయన పుట్టింది కూడా వేట కుటుంబంలోనే. కిందటి తుపాను ముందు రోజు ఊళ్లన్నీ ఒక్కసారిగా మా బులెటిన్ పెట్టుకున్నాయి. వార్తలు చదివే మా రీడరు తెర మీద నోరు తెరిచి, అలాగే బొమ్మలా ఉండిపోయింది. గాలి ఎటు తిరుగుతుందో చెప్పే వాక్యం సగంలో ఆగింది. అదృష్టం కొద్దీ పడవలేవీ వెళ్లలేదు గానీ ఆపరేటరు పరువు పోయింది. ఊళ్లో వాళ్ల మాట అలా ఉంచి, కన్నతల్లే అందిట: "నీ టీవీ కంటే మీ నాన్న ముక్కు నయంరా. గాలి వాసన చూసి చెప్పేవాడు."

ఆయన నాకు ఫోన్ చేసి, మళ్లీ ఆగదని ఊరందరికీ మాటిచ్చేశానని చెప్పాడు. తరవాత నెమ్మదిగా, "ఇంకోసారి ఆగిందంటే ఆ బులెటిన్ తీసేస్తానండి. సగం కబురు చెప్పడం కంటే చెప్పకపోవడమే మేలు కదండీ," అన్నాడు.

మా చానల్‌కి నెట్‌వర్కు పనులు చూసే ఇంజినీరు ఒకావిడ ఉన్నారు. నలభై ఏళ్లుంటాయి. తెర మీంచి తల ఎత్తకుండా మాట్లాడతారు. తప్పు ఎక్కడుందో నాకు అర్థమయ్యేలా చెప్పింది ఆవిడే. ఎంతమంది చూస్తుంటే అన్ని కాపీలు రాజమండ్రి నుంచి విడివిడిగా బయల్దేరుతున్నాయి, దారి నిండిపోతోంది. ఒక్క కాపీయే పంపి, దారి చీలిన చోట మాత్రమే రెండుగా చేసుకునే పద్ధతి ఉంది. దాన్ని మల్టీకాస్ట్ అంటారు. నాకు పత్రిక గుర్తొచ్చింది. మేం కూడా పేజీని ఒక్కసారే పంపేవాళ్లం, ఏ ఊరికి కావలసినన్ని కాపీలు ఆ ఊరి ప్రెస్సులోనే అచ్చయ్యేవి. ఆ మాటంటే ఆవిడ మొదటిసారి తల ఎత్తి, "అదేనండి. కాకపోతే ఇక్కడ ప్రెస్సులిద్దరివి," అన్నారు. మా నెట్‌వర్కు మా పెత్తనంలో ఉంది, నరసాపురంది ఆయన పెత్తనంలో. ఇలా వేరే పెత్తనాల కింద ఉన్నవాటిని వేరువేరు డొమైన్లు అంటారట. రెండు వైపులా ఉన్న రౌటర్లని, అంటే దారులు చూపే పెట్టెల్ని, ఒకదానికొకటి పరిచయం చేయాలి. మా దగ్గర బులెటిన్ మొదలైందన్న కబురు అటు వెళ్లాలి. కావాలన్న మాట అటునుంచి ఇటు రావాలి.

ఒక రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టారు. ఆపరేటరు నరసాపురంలో తన రౌటరు ముందు, మేమిద్దరం ఇక్కడ మేడ మీద గదిలో, మధ్యలో స్పీకర్లో పెట్టిన ఫోను. పరిచయాలు సజావుగా జరిగాయి. పరీక్షకని ముందురోజు బులెటిన్ పెడితే, మా కబురు అటు చేరింది కూడా. బొమ్మ మాత్రం రాలేదు. టైము రెండుంపావు. ఆరోజు మూడింటికి వాళ్లమ్మ టీవీ ముందు కూర్చుంటానందని ఆయన రెండుసార్లు చెప్పాడు.

ఆవిడ అక్కడి రౌటరులో కనిపించే అంకెలు చదవమన్నారు. ఒక అంకె ఆగకుండా పెరుగుతోంది. బులెటిన్ ఆయన గుమ్మం దాకా వెళ్తోందని, రౌటరే దాన్ని బయట పారేస్తోందని చెప్పారు. రౌటరుకి ఒక అనుమానం ఉంటుందట. ఏదైనా వచ్చినప్పుడు, 'ఇది పంపినవాళ్ల దగ్గరికి నేను వెళ్లాల్సొస్తే ఈ దారినే వెళ్తానా?' అని చూసుకుంటుంది. కాదనుకుంటే తీసుకోదు. మా బులెటిన్ వెళ్లింది రావులపాలెం, పాలకొల్లు మీదుగా వేసిన కొత్త లైనులో. మరి మీ రౌటరు రాజమండ్రికి ఏ దారి చూపిస్తోందని ఆవిడ అడిగారు.

ఆయన మీటలు నొక్కి చూసుకుంటున్న చప్పుడు ఫోనులో వినిపించింది.

"నిడదవోలు దారండి," అన్నాడు. "పాత లైను. తీసెయ్యలేదండి."

ఎందుకని అడిగితే చెప్పాడు. కొన్నేళ్ల కిందట వరదకి ఆయన లైను తెగిపోతే, నిడదవోలులో ఒక ఆపరేటరు అడక్కుండానే తన లైను ఇచ్చాడట. పదిహేను రోజులు నడిపాడు. కొత్త లైను వచ్చాక కూడా ఆయన్ని కాదనడానికి మనసొప్పలేదు. "కష్టంలో దారిచ్చిన మనిషండి. పని తీరింది కదా అని పీకేస్తే ఏం బాగుంటుంది?"

మా వైపు ఇలాంటి తప్పులు చేస్తారు. ఇబ్బందుల్లో పాలు పోసిన మనిషి ఉంటే, గుమ్మం ఎదురుగా పాలకేంద్రం వచ్చినా వాడుక మానరు. ఇంజినీరుగారు కసురుతారేమోనని నేను ఆవిడ ముఖం చూశాను. ఆవిడ అద్దాలు తుడుచుకుంటున్నారు.

"తీసెయ్యక్కర్లేదండి," అన్నారు. "ఈ ఒక్క బులెటిన్‌కి మాత్రం కొత్త దారి సరైనదేనని రౌటరుకి చెబుదాం. మిగతావన్నీ నిడదవోలు మీదుగానే వెళ్తాయి."

"అలా కుదురుద్దాండి?"

"ఒక్క లైను. నేను చెబుతాను, మీరు కొట్టండి. రౌటరు మీది కదా."

ఆవిడ చెప్పడం, ఆయన ప్రతి అంకెకీ "ఆయ్" అంటూ కొట్టడం, కొట్టింది మళ్లీ చదివి వినిపించడం. తెలుగులో ఒక చిన్న వాక్యమంత ఉంటుందేమో. పెరుగుతున్న అంకె ఆగింది. ఆయన ఫోను పట్టుకుని ఇంటికి పరిగెత్తాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు మాకు వినిపించింది.

మూడింటికి కింద స్టూడియోలో మా రీడరు మొదలుపెట్టింది. అదే గొంతు ఒక క్షణం ఆలస్యంగా ఫోనులోంచి, నరసాపురం ఇంట్లోంచి వచ్చింది. ఐదు నిమిషాలూ రెండు గొంతులూ వింటూ కూర్చున్నాం. అయ్యాక అటువైపు తల్లిగారి గొంతు వినపడింది.

"ఇవాళ ఆగలేదేంట్రా?"

"ఆగదమ్మా, బాగు చేశారు."

"రేపూ ఆగకపోతే అప్పుడు చెబుతాలే."

మర్నాడూ ఆగలేదు. ఆ తరవాత అల్పపీడనం పట్టి ఊళ్లన్నీ ఒకేసారి చూసిన రోజునా ఆగలేదు. పడవలు ముందే ఒడ్డుకి లాగేశారని, తల్లి తన కుర్చీని టీవీ దగ్గరికి జరుపుకుందని ఆయన ఫోన్ చేశాడు.

డెస్కులో ఉన్నన్నాళ్లూ పేజీలు పంపాను గానీ, అవి చేరే దారుల్లో ఎవరెవరు నిలబడి ఉన్నారో ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు మూడయ్యేసరికి ఇంజినీరుగారు, నరసాపురం ఆయన, నిడదవోలు ఆయన, ముగ్గురూ గుర్తొస్తారు. వాళ్లలో ఒకరిని నేనింతవరకు చూడలేదు.

అల్పపీడనం పట్టిన ఆ వారంలోనే నరసాపురం ఆపరేటరు రైల్లో వచ్చి, ఇంజినీరుగారికీ నాకూ చెరో పొట్లం ఎండురొయ్యలు ఇచ్చాడు. ఇంత ఆలస్యమైందేమని అడిగితే, మధ్యలో నిడదవోలులో దిగి అక్కడొకటి ఇచ్చి వచ్చానన్నాడు.