వసపిట్ట మూగనోము

పుట్టింట్లో ఆమెను అసలు పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. నాలుక బాగా తిరగాలని చిన్నప్పుడు నాయనమ్మ వస అరగదీసి తినిపిస్తూ, చేయి జారి రెండింతలు పెట్టేసిందని ఇంట్లో ఒక కథ. అందుకే వసపిట్ట. నిద్రలో కూడా మాట్లాడేది. బేరం మొదలైతే మధ్యాహ్నం దాకా బండి కదలదని, కూరగాయలవాడు ఆమె గొంతు వినగానే ధర తగ్గించి చెప్పేవాడు. వీధి కుళాయి దగ్గర బిందెల వరస తప్పితే తీర్పు చెప్పేది ఆమే.

అలాంటి మనిషి పెళ్లయ్యాక, బస్సుల గ్యారేజీలో మెకానిక్కుగా చేరిన భర్త వెంట పరాయి దేశం వెళ్లి, మూడేళ్లపాటు మూగనోము పట్టింది.

భాష రాక కాదు. వెళ్లిన మొదటి ఏడే సాయంకాలం తరగతులకు వెళ్లి నేర్చుకుంది. పరీక్ష కూడా గట్టెక్కింది. దుకాణాల బోర్డులు, మందు సీసాల మీది రాతలు గడగడా చదివేది. ఎదుటివాళ్లు కాస్త నిదానంగా మాట్లాడితే ముప్పాతిక అర్థమయ్యేది. తీరా ఎవరైనా తన వైపు తిరిగి జవాబు కోసం ఆగితే చాలు, నేర్చిందంతా గంగలో కలిసేది. ఆ భాషలో కుర్చీలకూ బల్లలకూ కూడా ఆడా మగా తేడా ఉంది. బల్ల ఆడదా మగదా అని లోపల పంచాయితీ తెగేలోగా, అడిగినవాళ్లు విసిగి పక్కకు తిరిగిపోయేవారు.

ఒకసారి ఒక్కత్తే వెళ్లి బూట్లు కొనుక్కుంది. అవి కాళ్లను కరిచేస్తున్నా దుకాణంవాడితో ఆ మాట అనలేక డబ్బిచ్చి వచ్చేసింది. మడమలు బొబ్బలెక్కాయి.

"బిగుతుగా ఉన్నాయని చెప్పొచ్చుగా? ఆ మాట రాదా నీకు?" అన్నాడు భర్త.

"మాట వచ్చు. నోరే బిగుసుకుపోయింది" అంది.

ఆ తర్వాత బజారు పనీ, బ్యాంకు పనీ, ఆసుపత్రి పనీ అన్నీ ఆయనే చక్కబెట్టేవాడు. ఆయన గలగలా మాట్లాడుతుంటే ఆమె పక్కన నిలబడి, ఈయనకు సరస్వతి ఎప్పుడు ప్రసన్నమైందా అని మురిసిపోయేది.

ఆమెకూ ఒక లాండ్రీలో పని దొరికింది. వెనక గదిలో ఇస్త్రీ. చుట్టూ పెద్ద పెద్ద యంత్రాల రొద. అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, మాట్లాడినా వినపడదు. ఆమెకు కావలసిందీ అదే. ఎవరైనా ఏదైనా అంటే చిరునవ్వు నవ్వి తలూపేది. తలూపితే తొంభై పాళ్లు పని జరిగిపోతుందని కనిపెట్టింది.

మిగిలిన పది పాళ్లు ఒక శుక్రవారం సాయంత్రం వచ్చి పడ్డాయి. యజమానురాలు లోపలికి వచ్చి, యంత్రాల రొద మధ్య చేతులు తిప్పుతూ ఏదో చాలాసేపు చెప్పింది. ఆమె చెవిన పడినవి రెండే మాటలు. 'సోమవారం', 'ముందు'. ఎప్పటిలాగే తలూపింది. యజమానురాలి మొహం చేటంతయింది. ఆమెను గట్టిగా కౌగిలించుకుని, బుగ్గ తట్టి వెళ్లిపోయింది.

తలూపినందుకు ఇంతకు ముందెవరూ కౌగిలించుకోలేదు. దేనికి ఒప్పుకున్నాను? బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఇంటికొచ్చి స్టవ్ మీద పాలు పెట్టి, అవి పొంగుతుంటే చూస్తూ నిలబడింది. భర్త రాగానే చెప్పులైనా విప్పనివ్వకుండా విషయం చెప్పి ఫోన్ చేయించింది.

ఆయన మాట్లాడి పెట్టేసి, "కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయి కాన్పుకి వెళ్తోందట. సోమవారం నుంచి నువ్వు ముందుకొచ్చి కౌంటర్ చూస్తావట. నువ్వే సంతోషంగా ఒప్పుకున్నావట" అన్నాడు.

"నేనెక్కడ ఒప్పుకున్నానండీ? ఒప్పుకుంది నా తల!"

కౌంటర్ అంటే వచ్చినవాళ్లందరితో మాట్లాడాలి. శనివారం పొద్దుటి నుంచి ఆమె కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. సర్దిన అలమరే మళ్లీ సర్దింది. అద్దం ముందు నిలబడి, "మీ బట్టలు గురువారం తయారవుతాయి" అని ఆ భాషలో పది రకాలుగా అంది. వంటగదిలో కుక్కర్‌ని కస్టమర్ అనుకుని దానికీ చెప్పింది. కుక్కర్ కూత వేసేసరికి ఉలిక్కిపడింది. కుక్కర్‌కే జవాబివ్వలేనిదాన్ని, మనుషులకేం ఇస్తాను అనుకుని, గరిటె పక్కన పడేసి భర్త దగ్గరికి నడిచింది.

"ఏవండీ, సోమవారం నాకు జ్వరం వస్తుందని చెప్పండి. తర్వాత సంగతి తర్వాత చూద్దాం."

ఆయన ఎంత నచ్చజెప్పినా వినలేదు. చేసేది లేక యజమానురాలికి ఫోన్ కలిపాడు. ఆవిడ ఏమంటుందో వినాలని ఆమె స్పీకర్ పెట్టించి పక్కనే నిలబడింది. ఆయన గొంతు సవరించుకుని, మంచి ధీమాగా ఆ భాషలో అందుకున్నాడు.

"నా భార్య సోమవారం జబ్బు పడింది. పనికి రాలేదు."

"రాలేదా? మొన్న సోమవారం వచ్చిందే!" అంది యజమానురాలు.

"ఆ సోమవారం కాదు. ఎల్లుండి పడింది. చాలా జ్వరం వచ్చింది ఎల్లుండి."

అటునుంచి కిసుక్కున నవ్వు వినపడింది. ఆయన మాత్రం బండి పట్టాలమీదే ఉందనుకుని సాగిపోతున్నాడు. "డాక్టరు కూడా ఎల్లుండి చూశాడు" అన్నాడు. ఆమెకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది. ఇక ఉండబట్టలేకపోయింది.

"పడింది కాదు, పడుతుంది!" అని ఆ భాషలోనే గట్టిగా అరిచింది.

యజమానురాలు పగలబడి నవ్వుతూ, "ఎంత చక్కగా మాట్లాడావు! సరే, ఎల్లుండి జ్వరం సంగతి ఎల్లుండి చూద్దాం. సోమవారం వచ్చెయ్" అని పెట్టేసింది.

"నన్నేం చేయమంటావు? నీ అబద్ధాన్ని నువ్వే నిలవనివ్వలేదు" అన్నాడు భర్త.

"ఇన్నాళ్లూ ఇలాగే మాట్లాడుతున్నారా మీరు?"

"ఎలా?"

"ఎల్లుండి వచ్చిందని, ఎల్లుండి పడిందని!"

ఆయన బుర్ర గోక్కున్నాడు. "ఏమో. ఎవరూ ఏమీ అనలేదు మరి. ఇంటికి కరెంటొచ్చింది, నాకు జీతమొచ్చింది, నీ పంటినొప్పి తగ్గింది. క్రియ ఎటుపోతే మనకేం?"

ఆమెకు ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే ఉక్రోషం, దాని వెనక అసూయ. ఇన్నాళ్లూ తాను నోరు కట్టుకున్నది ఇంతకంటే చిన్న తప్పులకు భయపడి. ఈయనేమో తప్పుల మూట నెత్తిన పెట్టుకుని ఊరంతా దర్జాగా తిరిగొచ్చాడు. అయినా ఆ సంగతి తెలిసినంత మాత్రాన భయం పోలేదు. ఆదివారం కూడా అన్నం సయించలేదు.

సోమవారం వెళ్లి కౌంటర్ వెనక నిలబడింది. మొదటి ఇద్దరు ముగ్గురు మారుమాట లేకుండా బట్టలిచ్చిపోయారు. తర్వాత ఒక నడివయసు ఆవిడ తన చొక్కా కోసం వచ్చింది. ఆ భాషలో చొక్కాకీ మొగుడికీ మధ్య తేడా ఒక్క అక్షరం. ఈమె కూడబలుక్కుని, "మీ మొగుణ్ణి ఉతికి ఇస్త్రీ చేశాం" అంది.

ఆవిడ కళ్లు పెద్దవి చేసి, "మరకలన్నీ పోయాయా?" అని అడిగింది. వెనకున్న వాళ్లు ఘొల్లుమన్నారు. ఏం తప్పిందో తెలిసేసరికి ఈమె చెవులు ఎర్రబడ్డాయి. వాళ్లు తనతో కలిసి నవ్వుతున్నారో, తనను చూసి నవ్వుతున్నారో తేల్చుకోలేకపోయింది. భోజనాల వేళ యంత్రాలు ఆగాక ఇస్త్రీ గదిలోకి దూరి, ఊళ్లో ఉన్న అక్కకు ఫోన్ చేసి ఏడ్చింది.

"రేపట్నించి వెళ్లనక్కా."

"ఓసి పిచ్చిదానా! నువ్వు మాటలు రాక ఏడ్చావంటే ఇక్కడ ఎవరైనా నమ్ముతారటే?"

"అక్కడి నేను వేరక్కా. తెలుగులో గడుసుదాన్ని. ఇక్కడ మొద్దుని. నా తెలివీ, నా ఎగతాళీ, నా కోపమూ ఏదీ నోటిదాకా రాదు. మూడేళ్ల పిల్లలా మాట్లాడతాను, అందరూ మూడేళ్ల పిల్లనే అనుకుంటారు."

అక్క నవ్వడం ఆపేసింది. "కోపం కూడా రాదా?" అని అడిగింది. ఈమె మొహం తుడుచుకుని, భోజనాల వేళ అయిపోయిందని ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం రద్దీ పెరిగింది. ఒక ముసలావిడ దుప్పట్ల మూటతో వరసలో నిలబడి ఉంది. కోటు వేసుకున్న ఒకాయన ఆవిడను భుజంతో పక్కకు నెట్టి, తన సంచి కౌంటర్ మీద పడేసి, "తొందరగా!" అన్నాడు.

వసపిట్టకు ఒళ్లు మండింది. ఏ దేశంలోనైనా వరస వరసే. "ఏమయ్యా, కళ్లు నెత్తికెక్కాయా?" అని ముందు తెలుగులోనే పడింది నోట్లోంచి. ఆ వెంటనే ఆ భాషలో వేలు చూపిస్తూ, "మీరు వెనక. ఆమె ముందు. సంచి తియ్యి!" అంది. 'మీరు'తో మొదలై 'తియ్యి'లో తేలింది. క్రియలు ఉన్నాయో లేదో, సంచి ఆడదో మగదో చూసుకోలేదు. ఆ పెద్దమనిషి సంచి తీసుకుని వెనక్కి వెళ్లాడు. ముసలావిడ మూట ముందుకు జరుపుతూ ఆమె చేతిమీద చేయి వేసింది.

ఇంటికెళ్తూ బస్సులో ఆ మాటలే తిరగేసి మరగేసి, అయ్యో, 'తీయండి' అనాల్సింది అని నొచ్చుకుంది.

ఆమె కౌంటర్ మానలేదు. అలాగని ధైర్యం రాత్రికి రాత్రి వచ్చి ఒళ్లో కూర్చోనూ లేదు. పొద్దున్నే తాళం తీసే ముందు ఒకసారి వెనక్కి తిరిగి, దిగొచ్చిన బస్సు వైపు చూసేది. రోజుకో తప్పు దొర్లేది. వచ్చేవాళ్లలో కొందరు దిద్దేవారు, కొందరు నవ్వేవారు, ఒకరిద్దరు మొహం చిట్లించేవారు. దిద్దినవాళ్ల మాట గుర్తుండేది. మొహం చిట్లించినవాళ్లు కూడా గుర్తుండేవారు, ఇంకా ఎక్కువగా. చొక్కా ఆవిడ మాత్రం వచ్చినప్పుడల్లా మొగుణ్ణి ఉతకమని గుర్తుచేసేది. ఈమె కూడా, "ఈసారి ఎక్కువ మురికి. రెండు రోజులు నానబెట్టాలి" అనేంతవరకూ వచ్చింది.

కాన్పుకి వెళ్లిన అమ్మాయి తిరిగొచ్చే వారంలో ఒక మధ్యాహ్నం, దుకాణంలో ఈమె ఒక్కత్తే ఉండగా ఫోన్ మోగింది. తన కోటు ఎప్పుడు తీసుకోవచ్చని ఎవరో అడిగారు. తడబడుతూ చెప్పి పెట్టేసింది. పెట్టాక అనుమానం వచ్చింది. బుధవారం అనబోయి ఆదివారం అన్నట్టుంది. ఆదివారం దుకాణం మూత. పాపం ఆ మనిషి వచ్చి తలుపు కొట్టుకుని పోతాడు. కాసేపు అటూ ఇటూ తిరిగింది. భర్తకు చెప్పి చేయిద్దామా అనుకుంది. ఆయన చేస్తే పోయిన బుధవారం రమ్మంటాడు.

ఫోన్‌లో ఆ నంబరు చూసి తనే నొక్కింది. ఆ దేశంలో ఆమె తనంతట తాను ఎవరికైనా ఫోన్ చేయడం అదే మొదలు. అవతల మోగుతున్నంతసేపూ ఎత్తకపోతే బాగుండునని కోరుకుంది. ఎత్తారు.

"నేను లాండ్రీ నుంచి. తప్పు చెప్పాను. ఆదివారం కాదు, బుధవారం" అంది ఒక్క గుక్కలో.

"మీరు బుధవారమనే చెప్పారు" అన్నాడు అవతలి మనిషి.

"అలాగా? మంచిది. అయితే బుధవారమే రండి" అని ఫోన్ పెట్టేసి, అక్కడే స్టూలు మీద కూలబడింది.