పావు చుట్టు

ఈ మాట చెప్పడానికి నేను ఇంతకుముందే ప్రయత్నించాను. ఎవరూ చెప్పనివ్వలేదు. ముందుగా ఆ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి.

పాస్టరయ్యగారి దగ్గరికి పోయి "అయ్యగారూ, మన పాత వ్యాను గురించి ఒక మాట" అన్నానో లేదో, ఆయన నుదురు రుద్దుకుంటూ "మళ్ల ఎవలి మీద కంప్లైంటు, అన్నా?" అన్నాడు. సంఘపెద్ద రాజరత్నం అయితే గుమ్మంలోనే ఆపేశాడు. "కంప్లైంటైతే రాసియ్యి అన్నా, కమిటీల పెడత" అన్నాడు. మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు. నేను తెచ్చింది నా మీద నేనే చేసుకునే ఫిర్యాదని వాళ్లకు ఎట్లా తోస్తుంది? పోనీ, తోచకపోతే అడగకూడదా?

అందుకే మీకు చెబుతున్నాను. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. ఈ బరువును ఏళ్ల తరబడి మోశాను. చేతిలో పెట్టి చూపిస్తే మీరు నవ్వుతారు. ఒక స్క్రూ, అంతే. దాన్ని పావు చుట్టు తిప్పాను.

మాది వరంగల్‌లో కాశిబుగ్గ. అక్కడ మా సంఘం చిన్నది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముసలివాళ్లను ఆదివారం ఆరాధనకు తీసుకురావడానికి ఒక పాత పెట్రోలు వ్యాను కొన్నాం. కొన్నాం అంటే, వెతికింది నేను. ఇంజన్ విని చూసింది నేను. ఖమ్మం నుంచి ఎండలో తోలుకొచ్చింది నేను. అంతకుముందు కేసముద్రం మార్కెట్ నుంచి పత్తి లోడు లారీలు తోలినవాణ్ని, మోకాలు పాడై మానేశాను. బండి సంగతి సంఘంలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇది గొప్ప కాదు, నిజం.

మా దగ్గర కొత్త బండికి ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు. ఆ రోజు పాస్టరయ్యగారు బండి ముందు నూనె రాసి, చెయ్యి పెట్టి, ఒక్కొక్కరి పేరు ఎత్తి దేవునికి కృతజ్ఞతలు చెప్పాడు. చందా ఇచ్చినవాళ్ల పేర్లు. బిర్యానీ వండినవాళ్ల పేర్లు. రిబ్బన్లు కట్టిన పిల్లల పేర్లు. నేను కళ్లు మూసుకుని నా పేరు కోసం ఎదురుచూశాను. ఇదిగో ఇప్పుడు, ఇదిగో ఇప్పుడు అనుకుంటూ ఉన్నాను. "ఆమేన్" అన్నారు అందరూ. కళ్లు తెరిచేసరికి తాళాలు మార్త చేతిలో ఉన్నాయి.

మార్త మా సంఘంలోని అమ్మాయే. మా ఆఖరి చెల్లెలి కన్నా చిన్నది. ఆమెకు బండి నేర్పింది కూడా నేనే. ఖాళీ జాగాలో ఇటుకలు పెట్టి, వాటి మధ్య వెనక్కి ముందుకి తోలించాను. తాళాలు ఆమెకు ఎందుకిచ్చారో ఆ రోజే వంటల వెనక నా చెవితో విన్నాను. "అన్న స్టీరింగు పట్టుకుంటే ముసలోళ్లు బైబిలు గాదు, కంప్లైంట్లు వినాలె" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. మార్త కూడా నవ్విందా? ఆ నవ్వుల్లో ఆమె గొంతు ఉందా లేదా అని ఎన్ని రాత్రులు వెతికానో. ఉందనే నిశ్చయించుకున్నాను. ఇప్పుడు అడిగితే చెప్పలేను.

శనివారం మధ్యాహ్నం బండి కడగడం మా పద్ధతి. ప్రతిష్ఠ తర్వాత వచ్చిన శనివారం నేనే కడుగుతానన్నాను. ఆ రకం వ్యానులో ముందు సీటు ఎత్తితే కింద ఇంజన్ ఉంటుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ ఎంత వేగంతో తిరగాలో నిర్ణయించే చిన్న స్క్రూ ఒకటుంటుంది. మేం దాన్ని స్లో స్క్రూ అంటాం. దాన్ని కాస్త తగ్గిస్తే, నిలబడ్డ బండి గొణుగుతూ బతికే ఉంటుంది. కానీ నడుస్తున్న బండికి క్లచ్ తొక్కి, మూడు నుంచి రెండుకు గేరు దించారనుకోండి, ఇంజన్ వేగం ఒక్కసారిగా పడిపోయి ఆగిపోతుంది. చూసేవాళ్లకు డ్రైవరుదే తప్పనిపిస్తుంది. నాకు అది బాగా తెలుసు. పావు చుట్టు తిప్పాను. అవమానం తప్ప ఇంకేమీ జరగదనుకున్నాను. అవమానం చిన్నదని ఎట్లా అనుకున్నాను, దాని రుచి అంత బాగా తెలిసినవాణ్ని?

మరుసటి ఆదివారం నుంచి బండి ఆగడం మొదలైంది. స్పీడు బ్రేకరు దగ్గర. మలుపు దగ్గర. రైలు గేటు ముందు. ఆగినప్పుడల్లా వెనక కూర్చున్న ముసలమ్మలు "స్తోత్రం!" అనేవాళ్లు. ఆపద వస్తే అట్లా అనడం వాళ్ల అలవాటు. మార్త తాళం తిప్పేది, బండి కదిలేది, ఇంకో మలుపులో మళ్లీ స్తోత్రం. "మన బండి పెట్రోలు మీద నడుస్తలేదు, స్తోత్రాల మీద నడుస్తాంది" అని ఎలిశమ్మ అనే ముసలావిడ అంటే మార్త కూడా నవ్వింది. ఆ నవ్వు మాత్రం నేను కళ్లారా చూశాను. అందులో సిగ్గు ఉంది.

మెకానిక్‌కు చూపిద్దామని మార్త కమిటీని అడిగింది. రాజరత్నం ఒప్పుకోలేదు. "ప్రతిష్ఠ చేసిన బండి. దాంట్ల దోషమేముంటది?" అన్నాడు. నూనె రాసి ప్రార్థించిన బండి చెడ్డదని అనడానికి ఎవరికీ నోరు రాలేదు. బండిలో దోషం లేకపోతే, ఇక మిగిలింది తోలే మనిషి. అయినా ఒకసారి చూడమని నన్నే పిలిచారు. నేను సీటు ఎత్తాను. ఆ స్క్రూ నా ముందే ఉంది. "బండిల ఏం లేదు" అన్నాను.

అప్పుడైనా తిప్పి ఉండవచ్చు కదా? ఉండవచ్చు.

తర్వాత ఒక ఆదివారం ఏటూరునాగారం వైపు ఒక ఊళ్లో ప్రార్థన కూడిక ఉంటే ముసలమ్మలందరినీ తీసుకుని బయలుదేరాం. నేను ముందు సీట్లో, మార్త పక్కన కూర్చున్నాను. ఎక్కడెక్కడ ఆగుతుందో చూడాలని. తాడ్వాయి దాటాక అడవిలో ఒక దిగుడు ఉంది. బండి నిండా మనుషులు, వెనక పాట నడుస్తోంది. దిగుడు మలుపు తిరగ్గానే రోడ్డు నిండా బర్రెలు.

మార్త క్లచ్ తొక్కి రెండో గేరుకు దించింది. ఇంజన్ ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దాన్ని నేను మీకు ఎట్లా చెప్పను? అన్నేళ్లు లారీలు తోలాను, కదులుతున్న బండిలో అట్లాంటి నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. టైర్ల కింద ఎండుటాకులు నలిగే సప్పుడు. అటూ ఇటూ టేకుచెట్లు జారిపోతున్నాయి. ఇంజన్ మోత పోయేసరికి వెనక ముసలమ్మల పాట ఒక్కసారిగా పెద్దదై అడవి అంతా నిండినట్టయింది. ఏం జరిగిందో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. ఇంజన్ ఆగితే ఆ బండికి బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుంటుంది, ఎంత తొక్కినా సరిగా పట్టదు. నా కుడికాలు నా ముందు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

మార్త అరవలేదు. తాళం వైపు చెయ్యి పోలేదు. నా వైపు చూడలేదు. క్లచ్ మీద పాదాన్ని పైకి వదిలింది. దొర్లుతున్న చక్రాలు ఇంజన్‌ను పట్టి తిప్పాయి. బండి ఒక్క కుదుపు కుదిపి, దగ్గి, మళ్లీ బతికింది. ఇంజన్ బిగువుకు బండి వేగం విరిగింది. మొదటి గేరు. మళ్లీ కుదుపు. చివరి బర్రెకు మూర దూరంలో నిలబడ్డాం. ఆ బర్రె తల తిప్పి మమ్మల్ని చూసి, నెమరు వేసుకుంటూ పక్కకు జరిగింది.

నిజం చెప్పాలి కదా. నాకు భయం కన్నా ముందు అబ్బురం కలిగింది. నేను నేర్పింది ఇటుకల మధ్య వెనక్కి ముందుకి తోలడం. ఇది నేర్పలేదు. ఎప్పుడు నేర్చుకుంది? ఆదివారం తర్వాత ఆదివారం, నేను పాడుచేసిన బండి మీదే నేర్చుకుంది. నా దుర్బుద్ధి ఆమె కాలికి విద్య అయింది. ఆ చేతుల్ని చూస్తూ కూర్చుండిపోయాను. చర్చిలో ఎన్నిసార్లు మోకరించానో, లోపల అట్లా తల వంగింది ఆ ఒక్కసారే.

వెనక నుంచి ఎవరో "స్తోత్రం" అన్నారు. తిరిగి చూస్తే ఎలిశమ్మ నోటి నిండా రక్తం. కుదుపుకు ముందు సీటు కమ్మీ తగిలి పన్ను ఊడింది. పన్నును అరచేతిలో పెట్టుకుని చూసుకుంటోంది.

మమ్మల్ని కాపాడిన ఆ కుదుపే మార్త తప్పయింది. కమిటీ కూర్చుంది. ఎలిశమ్మ కొడుకు కోపంగా ఉన్నాడు. రాజరత్నం నన్ను అడిగాడు, "అన్నా, నువ్వు ముందల కూసున్నవు గదా. ఏమైంది?"

మొదటిసారి వాళ్లంతా నా మాట కోసం ఆగారు. నా నోటి వైపు చూశారు. అట్లా చూడాలనే కదా జీవితమంతా కోరుకున్నది. అప్పుడు నేనన్న మాట ఇది: "గేరు తప్పింది. ఆమెకింకా చెయ్యి కుదరలే."

మార్త తలుపు దగ్గర కూర్చుని ఉంది. తాళాలు ఇక నాకివ్వాలని ఆమె ముందే తీర్మానించారు.

మరునాడు తాళాలు నాకివ్వడానికి షెడ్డు దగ్గరికి వచ్చింది.

"అన్నా, పొద్దుగాల బండిని జరసేపు గరం గానియ్యి. స్టార్ట్ గాంగనే గుంజకు."

"నాకు తెల్వదా?"

"నీకు తెల్వందేముంది." తాళాలు నా చేతిలో పెట్టింది. నాలుగడుగులు వేసి ఆగి అంది, "నీ స్క్రూడ్రైవరు డాష్‌బోర్డుల వెట్టిన. సీటు కింద, ఇంజన్ పక్క సందుల పడి ఉండె."

పిడికి సైకిల్ ట్యూబు చుట్టిన స్క్రూడ్రైవరు. అది నాదని సంఘంలో అందరికీ తెలుసు. ఆ శనివారం అక్కడే మరిచిపోయి, ఎవరో దొంగిలించారని ఇంట్లో అందరినీ తిట్టాను.

ఆ రోజే స్క్రూను పావు చుట్టు వెనక్కి తిప్పాను. తర్వాతి ఆదివారం బండి ఒక్కచోట కూడా ఆగలేదు. మీకు అర్థమైంది కదా? నేను బాగుచేయడంతో ఆమె తప్పు రుజువైంది. "చెయ్యి మారంగనే బండి నీళ్లోలె పోతాంది" అన్నారు. పాస్టరయ్యగారు ప్రార్థనలో నా పేరు ఎత్తి కృతజ్ఞత చెప్పాడు. కళ్లు మూసుకుని విన్నాను. ఆ పేరు ఎవరిదో అనిపించింది.

అప్పటికి ఒక స్కూలువాళ్లు మార్తను బస్సు తోలడానికి రమ్మని అడిగి ఉన్నారు. ఆమె గురించి మా పెద్దల దగ్గర విచారించారు. పెద్దలు నేను చెప్పిందే చెప్పారు. ఆమె మళ్లీ స్టీరింగు పట్టలేదు. ఇప్పుడు కాశిబుగ్గలోనే ఒకరి మగ్గం దగ్గర నూలు కండెలు చుడుతుంది. ఆ వ్యాను ఎప్పుడో తుక్కుకు పోయింది. ఎలిశమ్మ పోయింది. స్కూలు బస్సు మా వీధిలోంచి పోతుంటే నేను ఇంట్లోకి వెళ్లిపోతాను.

వీధిలో మురికినీళ్ల మోరీ నిండితే వార్డు ఆఫీసులో బల్ల గుద్ది అడిగినవాణ్ని. రేషన్ దుకాణం ముందు గంటలు గంటలు నిలబడి జవాబు రాబట్టినవాణ్ని. ఆమెను మాత్రం ఇంతవరకు ఒక్క ప్రశ్న అడగలేదు. ప్రతి ఆదివారం ఎదురుపడుతుంది. "వందనాలన్నా" అంటుంది. "వందనాలమ్మా" అంటాను. అంతే. ఆ గొంతులో కోపం కోసం వెతుకుతాను. దొరకదు. క్షమ కోసం వెతుకుతాను. అదీ దొరకదు. అంత పెద్ద మౌనాన్ని ఒక మనిషి లోపల ఎట్లా నిలబెట్టుకుంటుంది? ఆ దిగుడులో బండిని నిలబెట్టినట్టేనా?

క్షమించమని అడగడం లేదు. ఆ అర్హత నాకు లేదని నాకు తెలుసు, మీరు చెప్పనక్కర్లేదు. చెప్పేశాను, అది చాలు. రాస్తుంటే ఛాతీలో ఏదో వదులైన మాట మాత్రం నిజం.

కానీ మార్తా, ఈ కాగితం ఎట్లాగైనా నీ కంటబడితే నాకొకటి చెప్పాలి. ఆ స్క్రూడ్రైవరు నీకు ఎప్పుడు దొరికింది? అడవి దిగుడుకు ముందా, తర్వాతా? ముందే అయితే, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ దారి ఎట్లా తోలావు? తర్వాతే అయితే, కమిటీలో నేను అబద్ధం ఆడుతుంటే దాన్ని తెచ్చి బల్ల మీద ఎందుకు పెట్టలేదు? తిట్టాలనుకుంటే తిట్టు. అందరి ముందు తిట్టు. నువ్వు ఊరుకోవడం జవాబు కాదు. వందనాలు కూడా జవాబు కాదు. ఇన్నేళ్లకు అడిగాను. చెప్పు.