నా నొప్పి పోయిన రోజు

దయ్యాలు, చేతబడులు నేను ఏనాడూ నమ్మలేదు. గురజాలలో హైస్కూలు పిల్లలకు సైన్స్ చెబుతాను. క్లాసులో ఎవరైనా అలాంటి మాట ఎత్తితే నవ్వి కొట్టిపారేసేదాన్ని. ఇది మాత్రం నా ఒంటికే జరిగింది.

ఆరేళ్ల కిందట బస్సు దిగుతూ జారి రోడ్డు మీద కూలబడ్డాను. అప్పటి నుంచి నడుము కింద, కుడివైపున నొప్పి. కూర్చోలేను, నిలబడలేను. పక్కకు తిరిగి పడుకుంటే ప్రాణం పోయేది. డిస్కు అన్నారు, బెల్టు పెట్టారు, మాత్రలు మింగించారు. తగ్గలేదు.

ఆ ఆరేళ్లూ నన్ను కనిపెట్టుకుని ఉన్నది మా తోడికోడలు సుజాత. ఒకే ఇంట్లో ఉంటాం. పొద్దంతా మిరప చేలో వంగి పనిచేసి వచ్చి, నాకు కాపడం పెట్టేది. ఒక్కరోజు విసుక్కోలేదు.

చివరికి నరసరావుపేటలో ఒక డాక్టరు, లోపం డిస్కులో కాదన్నారు. వెన్నెముక అడుగుభాగం తుంటి ఎముకను కలిసే కీలులో ఉందన్నారు. అది తేల్చుకోవడానికి ఆ కీలులోకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. పది నిమిషాల్లో నొప్పి మాయమైంది. నవ్వుతూ బయటికొచ్చాను. తోడొచ్చి బెంచీ మీద కూర్చున్న సుజాత నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూలబడింది.

"ఏందక్కా ఇది, కుడిపక్క పట్టేసింది. కాలు కింద పెట్టలేకపోతన్నా."

నేనే ఆమెను పట్టుకుని బస్సు ఎక్కించాను. సాయంత్రం మత్తు విడిచి నా నొప్పి తిరిగొచ్చింది. సరిగ్గా అప్పుడే సుజాత మంచం దిగి, మామూలుగా నడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లింది.

కాకతాళీయం అనుకున్నాను. పూర్తిగా అనుకోలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అందుకే, లోపం ఆ కీలులోనేనని తేలి డాక్టరు ఆపరేషన్ చేస్తానన్నప్పుడు, ఆమెను వెంట రానివ్వలేదు. దూరంగా ఉంటే ఏమీ కాదనుకున్నాను.

పెద్ద కోత లేదు. పిరుదు పక్కన రెండు వేళ్ల వెడల్పు గాటు పెట్టి, అందులోంచి మూడు లోహపు కడ్డీలు దించి, కీలు కదలకుండా బిగించారు. మరునాడు వాకర్ పట్టుకుని నడిచాను. గాయం సలుపు తప్ప పాత నొప్పి జాడ లేదు.

అప్పుడే మా మరిది ఫోన్ చేశాడు. "వదినా, నిన్న పదకొండింటప్పుడు సుజాత చేలో పడిపోయింది. కుడిపక్కంట. లేవలేకపోతంది."

నన్ను థియేటర్‌లోకి తీసుకెళ్లింది పదిన్నరకు.

ఎనిమిది నెలలైంది. సుజాత గోడ పట్టుకుని నడుస్తోంది. అదే డాక్టరు ఆమెనూ పరీక్షించారు. అదే కీలు, అదే వైపు. దెబ్బ ఎప్పుడు తగిలిందని అడిగారు. తగిలితే కదా చెప్పడానికి. ముందు ఇంజెక్షన్ ఇచ్చి చూద్దాం, తగ్గితే ఆపరేషన్ చేద్దాం అన్నారు.

చేయించుకున్నదాన్ని కదా అని ఇంట్లో అందరూ నన్నే అడిగారు. వద్దన్నాను. నాకూ నొప్పి మళ్లీ మొదలైందని చెప్పాను. అబద్ధం. బళ్లో మూడు పీరియడ్లు వరసగా నిలబడి పాఠం చెబుతున్నాను. ఇంటి గుమ్మం దగ్గరికి రాగానే కుంటుతాను.

సుజాత నమ్మింది. "నీకే తగ్గకపోతే నాకేం తగ్గుద్దిలే అక్కా" అని, డాక్టరు రాసిచ్చిన కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టేసింది.

నా నొప్పి ఆమెలోకి ఎలా వెళ్లిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చదివిన పుస్తకాల్లో జవాబు లేదు. ఆమెకు ఇంజెక్షన్ ఇస్తే ఆ నొప్పి ఎక్కడికి వెళుతుందో చూసే ధైర్యం నాకు లేదు.