మన యాస మాట్లాడినవాడే హంతకుడు

ఒళ్లు గగుర్పొడుస్తుందని అందరూ పొగిడితే ఆ క్రైమ్ నవల కొన్నాను. పైగా కథ జరిగేది మా సాలూరులోనే. మా అత్తకు చత్వారం కాబట్టి రోజూ పైకి చదివి వినిపించాను. ఈ సాయంత్రం అయిపోయింది. హంతకుడు వంటవాడట!

"నాను మొదట్రోజే సెప్పీసినాను కదే," అంది అత్త, చేపలు తోముతూ.

"ఎలా కనిపెట్టావత్తా?"

"బుక్కు మొత్తమ్మీద మనలాగ మాటాడినోడు ఆడొక్కడే. ఇంకెవుల్ని సేస్తారు?"

నిజమే. ఎస్సై నుంచి చచ్చినావిడ దాకా అందరిదీ పుస్తకాల తెలుగే. నాకు ఒళ్లు మండిపోయింది. అత్త గొంతులో మాత్రం కోపం కూడా లేదు.

మన యాసలో మాట్లాడే డిటెక్టివ్ ఉన్న నవల ఎవరికైనా తెలిస్తే చెప్పండి. చదివి వినిపించినా మా అత్త నమ్మదనుకోండి.