పెట్టె అడుగున తలకట్లు

ప్రతి మెసేజ్‌నూ కిందిదాకా జరిపి ఎందుకు చూస్తావు నానమ్మా అని అడిగావు కదా చిన్నీ, చెబుతాను.

రెండేళ్ల క్రితం గౌలిపురలో మా ఇంట్లోనే కూర్చుని మీ అత్త ఒక ఆస్పత్రి యాప్‌కి పని చేసేది. తెరమీద పొడుగు తెలుగు వాక్యాలు రెండో వరుసలోకి సరిగ్గా దిగుతున్నాయో లేదో నేను చూసిపెట్టాలి. తెరమీది ఒక పెట్టె అడుగున రెండో వరుస అక్షరాలు తెగిపోయి, వాటి తలకట్లు మాత్రమే కనిపించాయి. అప్పుడే పొయ్యిమీద పప్పు పొంగింది.

"మంచిగున్నదా అమ్మా?"

"మస్తుగున్నది, పంపియ్యి" అనేశాను.

నెల తిరగకుండానే పక్కింటి ఖైరున్నీసా బట్టలుతుకుతూ కళ్లు తిరిగి కూలబడింది. చక్కెర నీళ్లు తాగించి ఆమె ఫోన్‌లో అదే యాప్ తెరిచి చూశాను. 'ఉదయం షుగర్ మాత్ర వేసుకోండి' అని ఉంది. 'వెంటనే టిఫిన్ తినండి' అన్న రెండో వరుసకు తలకట్లే ఉన్నాయి.

"తప్పు నాదే. చూసి గూడ చెప్పలే" అన్నాను.

"ఫికర్ జెయ్యకు అక్కా, బతికే ఉన్న గద!" అని నవ్వింది.

మీ అత్త ఆ రోజే సరిచేసింది. కానీ మాత్రల గురించి అనుమానమొస్తే నన్నే అడిగే ఖైరున్నీసా, అప్పటినుంచి ఎదురింటివాళ్లను అడుగుతోంది.

"నా మీద నమ్మకం పోయిందా?" అని ఒకరోజు అడిగాను.

"చాయ్ సల్లారుతున్నది, తాగక్కా" అంది.