తోర్లేవ్ బెరడు పేలు, గీదా రాసిన చీటీ

మా పక్కింటి తోర్లేవ్ నలభై ఏళ్లు రేవు పడవలో టికెట్లు చింపాడు. తీరిక దొరికినప్పుడల్లా బెరడు పేలు వెతికాడు. తల్లో పేలు కావు. చెట్ల బెరడు మీది పాచి గీరుకు తినే, నువ్వుగింజంత రెక్కల పురుగులు. తిరగేసిన గొడుగు కింద పెట్టి కొమ్మను కర్రతో తట్టేవాడు. మొగుడికి ఏమైందని ఆయన భార్య గీదాను వీధంతా అడిగింది. నేనైతే రెండుసార్లు అడిగాను.

ఉండబట్టలేక ఆయన్నే అడిగితే చెప్పాడు. "ఈ పురుగుల్లో లోయెన్సియా అనేది ఒక ఇంటిపేరు అనుకో అక్కా. రెక్కల మీది మచ్చలు, ఈనెలు చూసి అన్నదమ్ముల్ని విడదీస్తాం. ఏది ఏ ఊళ్లో దొరికిందో మ్యూజియం వాళ్లు పటంలో చుక్క పెడతారు. మన లోయలో ఒక్క చుక్కా లేదు."

"లేకపోతే ఏం మునిగింది?"

"ఎవరూ చూడకపోతే లేదనే అనుకుంటారుగా!"

కిందటేడు ఆయన చూపు మందగించింది. ముప్పై ఏళ్లుగా ఆ పురుగుల్ని సవతుల్లా చూసిన గీదా మొదటిసారి గొడుగు పట్టింది. అన్నాళ్లూ దొరకని మచ్చరెక్కల లోయెన్సియా పురుగు ఆ వేసవిలోనే రాలింది. దాన్ని స్పిరిట్ సీసాలో వేశారు. ఊరు, చెట్టు, తేదీ గీదా తన ఫౌంటెన్ పెన్నుతో ముత్యాల్లా రాసి, ఆ చీటీని ఆయన అలవాటు ప్రకారం సీసాలోనే వేసింది. శీతాకాలంలో మ్యూజియానికి పంపుదామని తీస్తే స్పిరిట్ నీలంగా ఉంది. చీటీ తెల్లగా ఉంది.

"ఒక్కసారి చెయ్యి పెట్టాను, తగలబెట్టాను," అని గీదా ఏడ్చింది.

"మళ్లీ రాసి పడెయ్యవయ్యా! ఎవడు చూడొచ్చాడు?" అన్నాను.

"ఏ చెట్టో, ఏ రోజో గుర్తులేదక్కా. అబద్ధం చుక్క నాకెందుకు?" అని భార్య వైపు తిరిగాడు. "పెన్సిల్‌తో రాయాలని చెప్పని తప్పు నాదే."

ఇక ఆ గొడుగు ముట్టనంది గీదా. ఈ జులైలో నేను వస్తానంటే, "నీ నోటికి పురుగులు పక్క లోయకు పోతాయి," అని నవ్వి వాళ్ల వంటింటి కిటికీ ముందున్న చెట్టు కిందికి ఒక్కడే వెళ్లాడు. గొడుగులో ముక్కు పెట్టి, ఆకుముక్కను పురుగనుకుని సీసాలో వేసుకున్నాడు. గీదా అది కిటికీలోంచి చూసింది. పొయ్యి ఆర్పి, ఏప్రనైనా విప్పకుండా వెళ్లి గొడుగు లాక్కుంది.

"కొట్టు," అంది.

ఆరు రోజులు తట్టారు. ఏడో రోజు చర్చి గోడ పక్క పియర్ చెట్టు నుంచి రాలిందది. తోర్లేవ్ పెన్సిల్ చెక్కి ఆమెకిచ్చాడు.

"ఇంకా నాకేనా?"

"నీ రాత బాగుంటుంది. కరిగింది సిరాయే."

ఆమె ఊరు, చెట్టు, తేదీ రాసి, పట్టినవారి చోట ఆయన పేరు రాసింది. ఆయన భూతద్దంలో చూసి, రబ్బరుతో తన పేరు చెరిపేశాడు.

"గొడుగు పట్టిందెవరు? నిజం రాయి."

గీదా ఏప్రన్‌తో కళ్లు తుడుచుకుని, పెన్సిల్ ముల్లు విరుగుతుందేమో అన్నంత గట్టిగా తన పేరు రాసింది.